సెల్‌ఫోనులలో తెలుగు దుస్థితి

అమీరుపేటలో మైత్రీవనము కడ నిలిచి నాలుగు దిక్కులు చూచినవారికి గోడలు కానరావు, ప్రకటనలే కానవచ్చును. జావా నేర్పెదము, పైథాను నేర్పెదము, ఆండ్రాయిడు నేర్పెదము, కొలది వారములలో ఉద్యోగమునకు అర్హులను గావించెదము అని ఒకదానిపై నొకటి అంటించిన కాగితములు మేడమెట్లమీదికిని కరెంటు స్తంభములమీదికిని ప్రాకియున్నవి. కరీంనగరము, ఖమ్మము, నల్లగొండ మొదలుకొని గుంటూరు, కడప, శ్రీకాకుళము వరకు గల తెలుగు జిల్లాలనుండి యువతీయువకులు వేలకొలదిగా వచ్చి, నలుగురైదుగురు ఒక్క గదిలో సర్దుకొని, ఇడ్లీతో ఒక పూట గడుపుకొని, ఈ విద్య నభ్యసించుచున్నారు. వీరిలో పెక్కురు రైతుబిడ్డలు. వీరి రుసుముల నిమిత్తము పొలము తాకట్టు పెట్టినవారు మా పాఠకులలోనే లేకపోలేదు.

ఇందరు తెలుగుబిడ్డలు సెల్‌ఫోనులకు యాపులు వ్రాయ నేర్చుకొనుచుండగా, ఆ ఫోనులలో తెలుగు ఎట్టి స్థితిలో నున్నదో విచారింపవలెనని మాకు తోచినది. ఒక శిక్షణాలయము మెట్లు దిగుచున్న విద్యార్థులను కొందరిని ఆపి, ‘‘మీరు తయారుచేసిన యాపును తెలుగు భాష ఎంచుకొన్న ఫోనులో ఎన్నడైన తెరచి చూచితిరా?’’ అని అడిగితిమి. ఒక బాలిక ఆశ్చర్యపడి, ‘‘ఫోను తెలుగులో ఎవరు పెట్టుకుంటారు సార్?’’ అని ఎదురుప్రశ్న వేసినది. ఇంకొకడు కొంత ఆలోచించి, ‘‘అది సిలబస్‌లో లేదు సార్’’ అనెను. నిజమే చెప్పినాడు. ఈ రెండు ప్రత్యుత్తరములే నేటి మా వ్యాసమునకు కారణము.

పూర్వము అచ్చుకూటములలో కంపోజిటరు అను నొక పనివాడుండెడివాడు. అతని యెదుట గళ్లపెట్టె. అక్షరము ఒక గడిలో, వత్తు వేరొక గడిలో. ‘శ్రీ’ అని కూర్పవలసివచ్చిన ఏది పైనుండవలెనో, ఏది క్రిందికి దిగవలెనో అతని చేతికి తెలియును. ఏలయన అతనికి తెలుగు వచ్చును. నేడు ఆ కంపోజిటరు ఫోనులోపల నున్నాడు. 1991లో వెలువడిన యూనికోడు పట్టికలో ప్రపంచలిపులతో పాటు తెలుగునకును 128 స్థానములు కేటాయింపబడినవి. ‘శ్రీ’ అను నొక్క యక్షరమును ఫోను నాలుగు సంఖ్యలుగా దాచుకొనును: శకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుర్తు. ఆ సంఖ్యలలో రూపము లేదు. వానిని చేర్చి కంటికి అక్షరముగా కనబరచుట కూర్పు యంత్రాంగముయొక్క పని. ఆండ్రాయిడు ఫోనులలో ఈ పనిని హార్ఫ్‌బజ్ అనునది నిర్వహించుచున్నది. అయితే ఈ కంపోజిటరునకు తనంతట భాష తెలియదు. ఇది ఏ లిపి, ఇది ఏ భాష అని దానికి వేరుగా తెలుపవలెను.

లిపి చెప్పిన చాలదా, భాష యెందుకు అని సందేహము కలుగవచ్చును. దేవనాగరి లిపి హిందీకిని మరాఠీకిని ఒక్కటే. కాని లకారశకారములను మరాఠీవారు వ్రాయు తీరు వేరు. సంఖ్య యొకటే, రూపము రెండు. చీనా జపాను భాషలకును ఇట్టి తగవు గలదు. తురుష్క భాషలో చుక్కగల ‘ఐ’ అక్షరమును పెద్దయక్షరముగా మార్చినను చుక్క పోరాదు. ఈ సంగతి నెరుగని వారు వ్రాసిన కార్యక్రమములు తురుష్క ఫోనులలోనికి పోగానే తమ మాటను తామే గుర్తింపలేక తడబడిన సందర్భములు పెక్కులు. మన తెలుగునకు లిపి యొకటే, భాష యొకటే గనుక ఆ చిక్కు లేదు. అయినను ఫోనులోని భాషా సెట్టింగును బట్టియే ఏ వాక్యములు చూపవలెనో, నెలల పేర్లెట్లుండవలెనో, లక్షను మన యాచారము చొప్పున 1,00,000 అని వ్రాయవలెనో, పరదేశపు రీతిని 100,000 అని వ్రాయవలెనో నిర్ణయమగుచున్నది. పంక్తికి పంక్తికి నడుమ ఎంత చోటు విడువవలెనను నిర్ణయమునకును భాష ఆధారము కావలసియున్నది.

ఆ చోటు సంగతియే కొంత వివరింతుము. ఆంగ్లాక్షరములు ఒక గీటుమీద నిలిచియుండును. తోక క్రిందికి పోయెడివి కొలదియే. తెలుగునకో, పైన గుడియు ఏత్వమును, క్రింద వత్తు, ఒక్కొక్కప్పుడు వత్తు క్రింద మరియొక వత్తు. ఆంగ్లమునకు కొలిచి కత్తిరించిన పంక్తిలో తెలుగును కూర్చుండబెట్టిన వత్తులు తెగిపోవును. వత్తు తెగిన ‘గద్ద’ ‘గద’ యగును. ‘కల్ల’ కాస్త ‘కల’ యగును. ఈ దోషమును గుర్తించి ఆండ్రాయిడువారు 2022లో వెలువరించిన 13వ కూర్పులో తమిళము, బర్మీయము, తెలుగు, టిబెటనుల పేర్లు చెప్పి మరీ ఆయా భాషలకు తగిన పంక్తి ఎత్తును ఏర్పాటు చేసిరి. సంతోషింపదగిన విషయము. కాని యాపు వ్రాయువాడు బొత్తాము ఎత్తు ఇంతేయని అంకెవేసి బిగించినచో, ఏ కూర్పు వచ్చినను వత్తు తెగక మానదు.

2018 ఫిబ్రవరిలో జరిగిన విచిత్రమును పాఠకులు మరచియుండరు. ఆపిల్ సంస్థవారి ఐఫోనులలో, నాటి 11.2.5 కూర్పున, ‘జ్ఞా’ అను తెలుగక్షరము సందేశములో వచ్చెనా, ఆ సందేశము చూపు యాపు కుప్పకూలుచుండెను. మరల తెరచినను అదే యక్షరము ఎదురై మరల కూలుచుండెను. కొందరు కొంటెవాండ్రు ఇతరుల ఫోనులకు దీనిని పంపి వినోదించిరి. ప్రపంచపు పత్రికలలో ఒక తెలుగక్షరము వార్తయగుట బహుశః అదియే ప్రథమము. అదియు ఈ రూపమున! ఆ మాసము 19వ తేదీన ఆ సంస్థవారు 11.2.6 కూర్పును విడుదలచేసి లోపమును సవరించిరి. తప్పు అక్షరమునది కాదు. జకారము, పొల్లు, ఞకారము, ఆపై కంటికి కనబడని విడదీత సంకేతమొకటి, తరువాత దీర్ఘము, ఈ వరుసను కూర్చుటలో వారి యంత్రాంగము తప్పటడుగు వేసినది. బంగాళీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులకును ఇదే గతి పట్టినదని పిమ్మట తేలినది. ఆ కనబడని సంకేతము దుష్టమైనది కాదని గూడ చెప్పవలెను. ‘సాఫ్ట్‌వేరు’ అను మాటలో టకారపు పొల్లును వకారమునుండి వేరుచేసి నిలుపునది అదియే. అది లేనిచో వకారము వత్తుగా మారి టకారము క్రిందికి జారిపోవును.

జ్ఞానమను మాటకు తొలియక్షరమే ఆ ఫోనునకు మ్రింగుడు పడకపోవుటను గూర్చి ఆ దినములలో పరిహాసములు పెక్కు వెలువడినవి. మాకు తోచినది వేరు. ఆ కూర్పును లోకమునకు విడుదల చేయుటకు పూర్వము ఎన్నియో పరీక్షలు జరిగియుండును. వానిలో ఈ యక్షరము ఈ తీరున కూర్చి చూచు పరీక్ష ఒక్కటి తగ్గినది. పరదేశస్థుల నేమందుము? తెలుగుగడ్డమీద, మైత్రీవనము మెట్లమీద, తెలుగుబిడ్డలే ఆ పరీక్ష నెరుగకుండిరి గదా.

అమీరుపేటనుండి మైలు దూరము నడచిన పంజాగుట్ట. అచ్చటి నిమ్సు ఆసుపత్రికి తెలంగాణ పల్లెలనుండి రోగులును వారి బంధువులును నిత్యము వచ్చుచుందురు. ఇట్లు బంధువును చూడవచ్చిన సిద్దిపేట ప్రాంతపు వృద్ధ రైతు ఒకడు మెట్రో స్టేషను క్రింద కూర్చుండి, మమ్ము పిలిచి, ‘‘సారూ, జర ఇది చూడుండ్రి, ఏది ఒత్తాలె?’’ అని తన ఫోను చూపెను. ఒక అప్పు దరఖాస్తు యాపు అది. ఎవరిదో ఇచ్చట అప్రస్తుతము. ఫోను తెలుగులో నున్నది. చూపు ఆననందున అతని కుమారుడు అక్షరములను పెద్దవి చేసి యిచ్చినాడు. దరఖాస్తును గూర్చి ఏదో ప్రశ్న. దాని క్రింద రెండు బొత్తాములు. మొదటిదానిపై ‘రద్దు చే…’ అని యున్నది. రెండవదానిపైనను ‘రద్దు చే…’ అనియే యున్నది.

‘‘పెద్దాయనా, ఒక్క నిమిషము ఆగుము’’ అని చెప్పి, ఫోను భాషను ఆంగ్లమునకు మార్చి చూచితిమి. అప్పుడు తెలిసినది. ఒకటి ‘రద్దు చేయి’. రెండవది ‘రద్దు చేయవద్దు’. దరఖాస్తు నిలుపదలచిన రైతు ఏది నొక్కవలెనో మేము చూపితిమి. తెలుగు తప్ప వేరుభాష రాని రైతునకు మేలు చేయుటకు, తెలుగు పత్రిక నడుపువారము, అతని ఫోనునుండి తెలుగును తొలగింపవలసివచ్చెను. ఆ పూట మాకు కలిగిన సిగ్గు ఇంతింత యని చెప్పజాలము.

ఇందలి కిటుకు భాషాతత్త్వమునకు సంబంధించినది గనుక విద్యావంతులైన మా పాఠకులు సులభముగా గ్రహింతురు. ఆంగ్లమున నిషేధము వాక్యమునకు మొదట నుండును. ‘డూ నాట్ క్యాన్సిల్’ అను దానిని చోటు చాలక తెగగొట్టినను ‘డూ నాట్’ మిగులును, చదువరి జాగ్రత్తపడును. తెలుగున క్రియ చివర, ఆ క్రియకును చివర నిషేధము. తోక తెగిన తెలుగు వాక్యము సగము అర్థమునిచ్చు వాక్యము కాదు, విపరీతార్థమునిచ్చు వాక్యము. ‘ఈ మందు పాలతో తీసుకొనవద్దు’, ‘గడువు పొడిగింపబడలేదు’, ‘మీ పేరు జాబితాలో లేదు’: వీనిలో దేని చివర మూడు చుక్కలు పెట్టినను బోధపడునది తలక్రిందులే. ఆంగ్లపు కొలతలతో బొత్తాము చేసినవానికి ఈ సంగతి తట్టదు; తట్టునట్లు చెప్పినవారును లేరు.

ఇట్టివి ఇంకను గలవు. పేరొక చోటనుండి, విభక్తి యొక చోటనుండి తెచ్చి అతుకుటచే ‘రాముడుకు డబ్బు పంపబడెను’ అని ఫోను పలుకును. ‘1 రోజులు మిగిలినవి’ అనును. ఆంగ్లమున పేరు మారక నిలుచును గనుక ఈ అతుకు అచ్చట చెల్లును. మనకు ‘రామునికి’ అని పేరే రూపు మారవలెను గనుక చెల్లదు. వాక్యమును వాక్యముగా అనువదింపనిచ్చిన ఈ బాధ చాలవరకు తీరును. ఇక సందేశముల సంగతి. ఒక ఎస్సెమ్మెస్‌లో ఆంగ్లాక్షరములు 160 పట్టును. యూనికోడు తెలుగులో 70 మాత్రమే. ‘శ్రీ’ నాలుగు సంఖ్యలని పైన చెప్పితిమి గదా, ఆ 70లో నాలుగు దానికే పోవును. పంపువారికి తెలుగు సందేశము ఒకటికి రెండుమూడుగా లెక్కకు వచ్చుట సహజము. అందుచే కొందరు తెలుగు మాటలను ఆంగ్లాక్షరములలో వ్రాసి పంపుచున్నారు. చదువురాని వాని మాట అటుంచుడు, చదువు వచ్చినవాడును దానిని రెండు మారులు చదువవలెను.

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేమనము. భారతీయ ప్రమాణముల సంస్థవారు 2016లో సెల్‌ఫోనుల భాషాసౌకర్యమును గూర్చి ప్రత్యేక ప్రమాణమును ప్రకటించిరి. దాని ప్రకారము ఈ దేశమున అమ్మబడు ఫోనులో షెడ్యూలునందలి 22 భాషలను చదువుటకు వీలుండవలెను. ఆంగ్లము, హిందీ, వానికి తోడు మరియొక భారతీయ భాషలో వ్రాయుటకు వీలుండవలెను. పూర్వము తెలుగు వచ్చినచోట ఖాళీ గడులు కనబడు ఫోనులను ఉపయోగించినవారికి ఇది ఎంత మేలో తెలియును. కాని ఇది ఫోనునకు విధించిన నియమము. ఆ ఫోనులోనికి దిగు యాపునకు ఈ ప్రమాణము వర్తింపదు. అధికారభాషా చట్టము 1966లోనే వచ్చినది. తెలంగాణమున పాఠశాలలలో తెలుగును తప్పక నేర్పవలెనని 2018లో చట్టము చేసిరి. బడిలో తెలుగు చదివిన పిల్ల ఫోను తెరచినపుడు ఆ తెలుగు ఎచ్చట కనబడవలెనో ఈ చట్టములు చెప్పుటలేదు.

యాపులో తెలుగు లేనిచో ఏమగును? పెద్ద ప్రమాదమేమియు కాదు. అదియే అసలు ప్రమాదము. ఆండ్రాయిడు యాపులో ప్రతి భాషకును ఒక అర యుండును. తెలుగు అరలో వాక్యము దొరకనిచో యంత్రము కిమ్మనక సామాన్యపు అరలోని వాక్యమును, అనగా ప్రాయికముగా ఆంగ్లమును, తీసి చూపును. తప్పు జరిగినదని చెప్పదు, గంట మ్రోగింపదు. 1921 నవంబరులో ఈ నగరముననే, వివేకవర్ధని నాటకశాలలో కర్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినపుడు సభికులు గోలచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానము సహింపలేక ఆ రాత్రియే కొందరు పెద్దలు సమావేశమై ఆంధ్రజనసంఘమునకు పునాది వేసిరి. నాడు గోలయైనను వినబడినది గనుక మనవారికి రోషము వచ్చినది. నేడు తెలుగును ఎవరును ఎగతాళి చేయుటలేదు. సడి లేకుండ ప్రక్కకు తప్పించుచున్నారు. రోషము ఎవరిమీద తెచ్చుకొనవలెనో తెలియదు.

మనవారి తప్పును దాచిపెట్టుట న్యాయము కాదు. ఈ వ్యాసము వ్రాయువాని ఫోనును మొన్న మొన్నటివరకు ఆంగ్లముననే యుండెను. దానిని తెలుగునకు మార్చిన నాడు తెరమీద కనబడిన అనువాదము చూచి తిరిగి ఆంగ్లమునకు పోవలెనని రెండు పర్యాయములు బుద్ధి పుట్టినమాట వాస్తవము. ఏ జనసామాన్యమును వాడని సంస్కృతసమాసమొక చోట, ఆంగ్లపుమాటకు తెలుగు తొడుగు ఒక చోట. మా పత్రిక భాష కఠినమని యాక్షేపించు మిత్రులు ఒక్కసారి ఆ సెట్టింగులు చదివిన మమ్ము క్షమింతురు. అయినను మార్చకుండుట వలని నష్టము పెద్దది. తమ యాపును ఏ భాషా సెట్టింగుగల ఫోనులు ఎన్ని వాడుచున్నవో యాపు నడుపువారికి లెక్కలు అందుచుండును. తెలుగింటిలో పుట్టి, తెలుగున కలలుకని, ఫోనును మాత్రము ఆంగ్లమున నుంచుకొన్న ప్రతివాడును ఆ లెక్కలో ఆంగ్లభాషీయుడే. పూర్తిగా మార్చ నిష్టములేనివారికి మధ్యేమార్గమును గలదు. ఆండ్రాయిడు ఫోనులలో 2016నుండి తెలుగు మొదట, ఆంగ్లము తరువాత అని వరుసగా భాషలను పేర్కొనవచ్చును. ఐఫోనులో 2019నుండియు, ఆండ్రాయిడులో 2022నుండియు ఒక్కొక్క యాపునకు వేరువేరుగా భాష నిర్ణయించుకొనవచ్చును. అనువాదము బాగున్నదానిని తెలుగున నుంచుడు; బాగులేనిదానివారికి ఉత్తరము వ్రాయుడు.

అక్షరరూపముల కొరత యని ఇక సాకు చెప్పుటకు వీలులేదు. గూగులువారి నోటో తెలుగు రూపము గలదు. అమెరికాలోని మనవారి సిలికానాంధ్ర సంస్థ పూనికతో వెలువడిన రూపములు ఎన్నియో గలవు. వానిలో ఒకదానికి 1926లో ఇదే నగరమున గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టియున్నారు. ఇవి అన్నియు ఉచితముగా లభించునవే.

రాష్ట్రప్రభుత్వములు రెండును తాము డబ్బిచ్చి చేయించుకొను ప్రతి యాపును, తెలుగు భాష నెంచుకొని, అక్షరములు పెద్దవి చేసిన ఫోనులో చూపినగాని చివరి వాయిదా సొమ్ము చెల్లింపరాదని టెండరు షరతులలో ఒక్క పంక్తి చేర్పవలెను. దీనికి క్రొత్త చట్టము అక్కరలేదు, క్రొత్త శాఖ అక్కరలేదు. అమీరుపేట శిక్షణాలయములవారిని మేము కోరునది ఇంతకన్న స్వల్పము. నెలల తరబడి సాగు బోధనలో ఒక్క దినము దీనికి కేటాయింపుడు. వాక్యములను ముక్కలుగా అతుకరాదని, బొత్తాము ఎత్తును అంకెతో బిగింపరాదని, అక్షరమును సంఖ్య నడుమ త్రుంపరాదని, వ్రాసినదానికి భాష పేరు చెప్పవలెనని ఆ దినమున నేర్పవచ్చును. సాయంకాలమున చిన్న పరీక్ష పెట్టి, ‘రద్దు చేయి’, ‘రద్దు చేయవద్దు’ అను రెండు మాటలను చిన్న తెరమీద, ముసలివారు చదువగల పరిమాణమున, పూర్తిగా కనబడునట్లు అమర్చి చూపుమని అడుగవచ్చును.